ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీ: ఇంటర్ తర్వాత సీటు నుంచి ల్యాబ్‌లో చెయ్యి తిరిగేదాకా

జిమ్ మీద ఇష్టంతో ఎక్సర్‌సైజ్ సైన్స్‌లో చేరేవాళ్లు చాలామంది. మొదటి సెమిస్టర్‌లోనే వాళ్లకు కండర తంతువులో క్యాల్షియం ఎక్కడ నిల్వ ఉంటుంది, గుండె ఒక్క దెబ్బకు ఎంత రక్తం తోస్తుంది, టార్క్ (కీలు చుట్టూ తిప్పే బలం) ఎలా లెక్కకట్టాలి అన్న ప్రశ్నలు ఎదురవుతాయి. కంగారు పడాల్సిన పని లేదు. ఈ చదువంతా కొలతల మీద నడుస్తుంది. శరీరం శ్రమపడినప్పుడు ఏం మారింది, ఎంత మారింది, ఆ మార్పు నిజమా లేక కొలిచేటప్పుడు మన చెయ్యి చేసిన తప్పా అని తేల్చడమే ఇందులో అసలు పని. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ల్యాబ్‌కే ఇచ్చాం.

ఏ దారిలో వెళ్లాలి

ఇదే పేరుతో డిగ్రీ ఇచ్చే కాలేజీలు తెలుగు రాష్ట్రాల్లో తక్కువ. కాబట్టి ముందు మీరు చివరికి ఏం పని చేయాలనుకుంటున్నారో తేల్చుకోండి.

ఆటగాళ్ల ఫిట్‌నెస్ పరీక్షలు, శిక్షణ ప్రణాళికలు మీ లక్ష్యమైతే నేరుగా బీఎస్సీ స్పోర్ట్స్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్స్ చదవండి. మనకు దగ్గరలో చెన్నైలోని శ్రీరామచంద్ర విద్యాసంస్థలో ఈ కోర్సు ఉంది. గాయపడినవాళ్లకు, రోగులకు ఫిజియోథెరపీ చికిత్స చేయాలనుకుంటే బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) తప్ప వేరే దారి లేదు. ఫిజియోథెరపీ 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వస్తుంది, ఎక్సర్‌సైజ్ సైన్స్ డిగ్రీతో ఆ పని చేయడానికి అర్హత రాదు. తెలంగాణలో బీపీటీ సీట్లు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా భర్తీ అవుతాయి. స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా స్థిరపడాలంటే డిగ్రీ తర్వాత పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయాలి. పీఈసెట్‌లో పరుగు, దూకడం, షాట్‌పుట్ వంటి శారీరక పరీక్షలు, ఒక ఆటలో నైపుణ్య పరీక్ష ఉంటాయి. పుస్తకం ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఆ సీటు రాదు.

నాలుగో దారి ఒకటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఊళ్లోనే మామూలు బీఎస్సీ బాగా చదివి, పీజీలో ఇటు తిరగడం. గ్వాలియర్‌లో 1957లో మొదలైన లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ, పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ రంగంలో పేరున్నవి. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉంటే ఈ దారే మేలు.

ఫీజు కట్టే ముందు కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమని అడగండి. బ్రోషర్‌లో ఫొటో ఉన్నంత మాత్రాన ఆ యంత్రం పనిచేస్తున్నట్టు కాదు. ఊపిరిలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచే గ్యాస్ అనలైజర్‌ను చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారో (తెలిసిన కొలతతో సరిచూశారో), దానికి వాడే గ్యాస్ సిలిండర్‌లో గ్యాస్ ఉందో లేదో అడగండి. ట్రెడ్‌మిల్ మీద ప్లాస్టిక్ కవర్, దాని మీద దుమ్ము కనిపిస్తే మీకు జవాబు దొరికినట్టే. వారానికి ప్రాక్టికల్ గంటలెన్ని, ఒక్కో సైకిల్ ఎర్గోమీటర్‌కు (చేసిన పనిని కొలిచే సైకిల్) ఎంతమంది విద్యార్థులు, చివరి ఏడాదివాళ్లు ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు అన్నవి కూడా కనుక్కోండి. చివరి ప్రశ్న అధ్యాపకులను కాకుండా సీనియర్లనే అడగండి. బైపీసీ తప్పనిసరా, ఏ గ్రూపైనా సరిపోతుందా అన్నది కోర్సును బట్టి మారుతుంది, ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోవాల్సిందే.

చేరేలోపు రెండు నెలలు

బైపీసీ వాళ్లను లెక్కలు, ఎంపీసీ వాళ్లను జీవశాస్త్రం దెబ్బతీస్తాయి. ఎవరి లోటు వాళ్లు ముందే పూడ్చుకోవాలి. బైపీసీ వాళ్లకు కావలసింది కాలిక్యులస్ కాదు. యూనిట్ల మార్పిడి, శాతాలు, గ్రాఫ్ వాలు, న్యూటన్ సూత్రాలు, టార్క్ వస్తే చాలు. ఎంపీసీ వాళ్లు ఇంటర్ జంతుశాస్త్రంలో గుండె, ఊపిరితిత్తులు, నాడీ వ్యవస్థ, కండరాల పాఠాలను పటాలు గీస్తూ రెండుసార్లు చదవాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చేవాళ్లకు పదాలే పెద్ద అడ్డంకి. వాటిని విడగొట్టి నేర్చుకోండి. మయో అంటే కండరం, కార్డియో అంటే గుండె, ఆస్టియో అంటే ఎముక, హైపో అంటే తక్కువ, ట్రోఫీ అంటే పెరుగుదల. ఫ్లెక్షన్ అంటే ముడవడం, ఎక్స్‌టెన్షన్ అంటే చాచడం, అబ్‌డక్షన్ అంటే ఒంటి మధ్యరేఖకు దూరంగా జరపడం, అడక్షన్ అంటే దగ్గరకు తేవడం. ఇలాంటి ధాతువులు ఓ 80 వస్తే పాఠ్యపుస్తకంలో సగం పదాలు వాటంతటవే విడిపోతాయి.

అనాటమీ: వేళ్లతో చదవాలి

పటం చూసి కండరాల పేర్లు వల్లించినవాళ్లు వైవాలో (మౌఖిక పరీక్షలో) నిలబడలేరు. రోజుకు 6 నుంచి 8 కండరాలు తీసుకోండి. ఒక్కోదానికి ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ అతుక్కుంటుంది, ఏం చేస్తుంది, ఏ నాడి నడిపిస్తుంది అని నాలుగు గడులు గీయండి. తర్వాత స్నేహితుడి చేతి మీద స్కెచ్ పెన్‌తో ఆ కండరం గీసి, అతను దాన్ని బిగించినప్పుడు వేలితో తాకి చూడండి. బిగువు తెలియకపోతే మీరు గీసిన చోటు తప్పు.

పరీక్షకులకు ఇష్టమైన ప్రశ్న ఒకటి ఉంది. నీళ్ల గ్లాసును మెల్లగా టేబుల్ మీదికి దించుతుంటే ఏ కండరం పనిచేస్తోంది? మోచెయ్యి చాచుకుంటోంది కాబట్టి ట్రైసెప్స్ (మోచేతి పైన వెనక కండరం) అని చాలామంది చెప్పేస్తారు. పనిచేసేది బైసెప్స్ (ముందు కండరం). గ్లాసును కిందికి లాగేది భూమ్యాకర్షణ, అది దబ్బున పడకుండా బైసెప్స్ సాగుతూనే ఆపుతుంది. కీలు ఎటు కదులుతోందన్నది కాదు, ఏ బలాన్ని ఎదిరిస్తున్నాం అన్నది ముందు చూడాలి. ఇది ఒక్కసారి పట్టుబడితే స్క్వాట్, మెట్లు దిగడం, ల్యాండింగ్ అన్నీ అర్థమవుతాయి.

ఫిజియాలజీ: ఒక్క సమీకరణాన్ని చెట్టులా గీయండి

1870లో అడాల్ఫ్ ఫిక్ చెప్పిన సూత్రం ఈ సబ్జెక్టుకు వెన్నెముక. శరీరం నిమిషానికి వాడుకునే ఆక్సిజన్ = గుండె వేగం × ఒక్క దెబ్బకు తోసే రక్తం × ధమని, సిర రక్తాల మధ్య ఆక్సిజన్ తేడా.

విశ్రాంతిలో 70 కిలోల మనిషిని తీసుకోండి. నిమిషానికి 70 దెబ్బలు, దెబ్బకు 70 మి.లీ. అంటే 4.9 లీటర్ల రక్తం. ప్రతి 100 మి.లీ. రక్తం నుంచి కణాలు 5 మి.లీ. ఆక్సిజన్ తీసుకుంటే మొత్తం 245 మి.లీ. దాన్ని 70తో భాగిస్తే కిలోకు 3.5 మి.లీ. పుస్తకాల్లో 1 మెట్ అని కనిపించే అంకె ఇదే. ఇప్పుడు అదే మనిషి శక్తికొద్దీ పరుగెత్తుతున్నాడు. దెబ్బలు 190, దెబ్బకు 110 మి.లీ., తేడా 15 మి.లీ. లెక్క కడితే నిమిషానికి సుమారు 3,135 మి.లీ., కిలోకు 44.8. ఎక్కడెక్కడ ఎంత పెరిగిందో కళ్లముందే ఉంది. శిక్షణతో ఏం మారుతుంది, రక్తహీనత ఉంటే ఏ కొమ్మ విరుగుతుంది, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వేసుకున్నవాళ్లకు ఏది తగ్గుతుంది అన్న ప్రశ్నలన్నీ ఈ చెట్టు మీదే రాసుకోండి.

రెండు అపోహలను మొదటి నెలలోనే వదిలేయాలి. కండరానికి శక్తినిచ్చే మూడు వ్యవస్థలు (నిల్వ ఉన్న ఫాస్ఫేట్, ఆక్సిజన్ లేకుండా చక్కెర విరగడం, ఆక్సిజన్‌తో ఇంధనం కాలడం) వంతులవారీగా మొదలవుతాయనుకోవడం ఒకటి. మొదటి సెకను నుంచీ మూడూ నడుస్తూనే ఉంటాయి, వాటి వాటాలు మాత్రమే మారతాయి. మర్నాటి ఒళ్లునొప్పులకు లాక్టిక్ ఆమ్లం కారణమనుకోవడం రెండోది. లాక్టేట్ గంటా గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువవుతుంది. కాలాలే కలవనప్పుడు కారణం అదెలా అవుతుంది?

బయోమెకానిక్స్‌కు (శరీర కదలికల భౌతికశాస్త్రానికి) భయపడేవాళ్లు ఈ ఒక్క లెక్క చేయండి. 5 కిలోల డంబెల్ మోచేతికి 35 సెం.మీ. దూరంలో, ముంజేయి నేలకు సమాంతరంగా ఉంది. టార్క్ 5 × 9.8 × 0.35 = 17.15 న్యూటన్ మీటర్లు. బైసెప్స్ లాగే గీత కీలుకు 4 సెం.మీ. దూరమే. 17.15ను 0.04తో భాగిస్తే 429 న్యూటన్లు, అంటే దాదాపు 44 కిలోల బరువుకు సమానం. ముంజేతి బరువును ఇంకా కలపలేదు. 5 కిలోలు ఎత్తడానికి కండరం ఎందుకంత బలంగా లాగాలో, స్నాయువులు ఎందుకు తెగుతాయో ఇక్కడ తెలుస్తుంది.

స్టెప్ టెస్ట్: ఖర్చు లేని పూర్తి ప్రాక్టికల్

న్యూయార్క్‌లోని క్వీన్స్ కాలేజీ పేరుతో ఉన్న ఈ పరీక్షకు బల్ల, స్టాప్‌వాచ్, ఫోన్‌లో మెట్రోనోమ్ (నిర్ణీత వేగంతో టిక్ కొట్టే యాప్) చాలు. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగాన్ని, అంటే వీఓ2 మ్యాక్స్‌ను ఇది అంచనా వేస్తుంది.

ముందు భద్రత. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, గుండె జబ్బు, బీపీ మందులు, మోకాలి సమస్య ఉన్నాయా అని ప్రశ్నావళి నింపించండి. ఒక్కదానికి అవునంటే ఆ మనిషిని పరీక్షించవద్దు. జ్వరం వచ్చి తగ్గి రెండు రోజులే అయినా వాయిదా వేయండి. భోజనం చేసి మూడు గంటలు కావాలి, ఆ పూట కాఫీ, టీ, సిగరెట్ ఉండకూడదు.

బల్ల ఎత్తు 41.3 సెం.మీ. కచ్చితంగా ఉండాలి. హాస్టల్‌లో దొరికే 45 సెం.మీ. స్టూలు మీద చేస్తే పైకెక్కే పని 9 శాతం పెరుగుతుంది, సూత్రం చెల్లదు. మగవాళ్లు నిమిషానికి 24 సార్లు, ఆడవాళ్లు 22 సార్లు ఎక్కి దిగాలి. ఒక్కోసారికి నాలుగు అడుగులు కాబట్టి మెట్రోనోమ్‌ను 96కు లేదా 88కు పెట్టండి. కుడి పైకి, ఎడమ పైకి, కుడి కిందికి, ఎడమ కిందికి. మూడు నిమిషాలు ఆగకుండా చేయాలి. పైన మోకాలు పూర్తిగా చాచకపోతే పని తగ్గిపోతుంది, పక్కనే ఉండి చూడండి.

మూడో నిమిషం అవగానే కూర్చోనివ్వకండి, నిలబడే ఉండాలి. 5వ సెకను నుంచి 20వ సెకను దాకా, సరిగ్గా 15 సెకన్లు, మణికట్టు దగ్గర రెండు వేళ్లతో నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. బొటనవేలు వాడితే మీ నాడినే లెక్కపెట్టే ప్రమాదం ఉంది. మెడ దగ్గర గట్టిగా నొక్కితే అక్కడి బారోరిసెప్టర్లు (రక్తపోటును పసిగట్టే నాడీ చివరలు) గుండె వేగాన్ని తగ్గిస్తాయి.

వీఓ2 మ్యాక్స్ (కిలోకు నిమిషానికి మి.లీ.) మగవాళ్లకు 111.33 − (0.42 × నాడి). ఆడవాళ్లకు 65.81 − (0.1847 × నాడి). 15 సెకన్లలో 38 వస్తే నాడి 152, మగవాళ్లకు ఫలితం 47.5 మి.లీ. అదే 39 అని లెక్కపెడితే 156, ఫలితం 45.8. ఒక్క దెబ్బ తప్పినందుకు 1.7 తేడా! పది సెకన్లు ఆలస్యంగా మొదలుపెడితే నాడి తగ్గిపోయి, ఫలితం ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కు వచ్చినవాడి లెక్కను ముందు అనుమానించండి. ఈ సూత్రం కాలేజీ వయసువాళ్ల మీద తయారైంది కాబట్టి ఇంట్లో తాతగారికి దీన్ని వాడకూడదు.

సూత్రాల్లో జారిపోయే చోట్లు

ట్రెడ్‌మిల్ నడకలో కిలోకు నిమిషానికి వాడే ఆక్సిజన్ సమీకరణం: 0.1 × వేగం + 1.8 × వేగం × ఏటవాలు + 3.5. వేగం నిమిషానికి మీటర్లలో, ఏటవాలు దశాంశంలో ఉండాలి. గంటకు 6 కి.మీ. అంటే నిమిషానికి 100 మీటర్లు. 5 శాతం ఏటవాలు అంటే 0.05. కాబట్టి 10 + 9 + 3.5 = 22.5 మి.లీ. 60 కిలోల మనిషికి నిమిషానికి 1.35 లీటర్లు. లీటరుకు 5 కిలోకేలరీల చొప్పున అరగంటకు దాదాపు 200. ఏటవాలు దగ్గర 0.05కు బదులు 5 అని వేస్తే 913.5 వస్తుంది. ప్రపంచంలో అత్యుత్తమ ఓర్పు క్రీడాకారులకే ఈ అంకె 80, 90 దగ్గర ఆగిపోతుందని గుర్తుంటే ఆ తప్పు రికార్డులోకి ఎక్కదు. గరిష్ఠ గుండె వేగానికి 220 − వయసు అన్నది వాడుకలో ఉన్నా, 2001లో వచ్చిన 208 − (0.7 × వయసు) కూడా నేర్చుకోండి. 20 ఏళ్లవాళ్లకు ఒకటి 200 అంటుంది, రెండోది 194 అంటుంది. రెండూ సగటులే, ఒక మనిషికి 10 దెబ్బలు అటూ ఇటూ ఉండటం మామూలే.

స్కిన్‌ఫోల్డ్, బీపీ, గ్యాస్ అనలైజర్

స్కిన్‌ఫోల్డ్ అంటే చర్మాన్ని, దాని కింది కొవ్వును మడత పట్టి మందం కొలవడం. ఈ కొలతలో నైపుణ్యమంతా ఎడమచేతి వేళ్లలో ఉంటుంది. ఎప్పుడూ కుడిపక్కే కొలవండి. ముందు టేపుతో చోటు గుర్తించి చుక్క పెట్టాలి, కంటి అంచనాతో పెట్టకూడదు. వేళ్లతో మడత పట్టుకుని, వేళ్లకు 1 సెం.మీ. దూరంలో క్యాలిపర్ (మందం కొలిచే పటకారు) పెట్టి, దాని స్ప్రింగ్ పూర్తిగా వదిలి, రెండు సెకన్లలోపు చదవండి. ఎక్కువసేపు ఉంచితే కొవ్వు నొక్కుకుపోయి అంకె తగ్గుతుంది. మడత వదిలేస్తే ఇంకా తగ్గుతుంది. ఒకే చోట మూడుసార్లు వరుసగా కొలవకుండా, అన్ని చోట్లూ ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టండి. చెమట పట్టిన ఒంటి మీద, వ్యాయామం చేసిన వెంటనే కొలవకూడదు. అమ్మాయిలను అమ్మాయిలే కొలవడం, తెర ఉండటం, ముందే అనుమతి తీసుకోవడం మర్యాద కోసమే కాదు, ఇవి నియమాలు.

స్కిన్‌ఫోల్డ్ కొలతలతో అంచనా వేసిన శరీర సాంద్రత నుంచి కొవ్వు శాతం: (495 ÷ సాంద్రత) − 450. 1.060కి 17.0 శాతం, 1.055కి 19.2 శాతం. మూడో దశాంశంలోనే ఇంత తేడా ఉంది కాబట్టి సాంద్రతను మధ్యలో రౌండ్ చేయకండి.

బీఎమ్‌ఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) ఒక్కటే చూసి తీర్పు ఇవ్వడం మనవాళ్ల విషయంలో ప్రమాదం. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పుట వ్యాసంలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్‌కిన్ తమ కొలతలే ఇచ్చారు. ఇద్దరి బీఎమ్‌ఐ 22.3. కొవ్వు మాత్రం ఒకరిలో 21.2 శాతం, మరొకరిలో 9.1. ఎక్కువ ఉన్నది యాజ్ఞిక్‌కే. భారతీయులకు 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని లెక్కించడానికి వెనక ఉన్న ఆలోచన ఇదే.

బీపీకి ఐదు నిమిషాల విశ్రాంతి, వెనక ఆనుకునే కుర్చీ, గుండె ఎత్తులో చెయ్యి ఉండాలి. కాలు మీద కాలు వేసుకున్నా, మాట్లాడుతున్నా అంకె పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేనివాళ్లకూ ఉన్నట్టు చూపిస్తుంది. గాలిని సెకనుకు 2, 3 పాయింట్ల చొప్పున వదలాలి. వ్యాయామంలో పై అంకె పెరగాలి, కింది అంకె పెద్దగా మారకూడదు. పని పెంచినా పై అంకె తగ్గుతుంటే వెంటనే ఆపండి.

గ్యాస్ అనలైజర్‌ను పరీక్షకు అరగంట ముందే ఆన్ చేయండి. 3 లీటర్ల సిరంజితో గాలి పరిమాణాన్ని, సిలిండర్‌తో గ్యాస్‌ను క్యాలిబ్రేట్ చేయాలి. బయటి గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం చూపించాలి. తలుపులు మూసిన ఏసీ గదిలో పాతికమంది నిలబడి చూస్తుంటే గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి లెక్క చెడుతుంది, సగం మందిని బయటికి పంపండి. ముక్కు పక్కన మాస్క్ లీకైతే ఫలితం తక్కువ వస్తుంది. విశ్రాంతిలోనే శ్వాస నిష్పత్తి (వదిలిన కార్బన్ డయాక్సైడ్ ÷ వాడిన ఆక్సిజన్) 1 దాటితే ఆ మనిషి కంగారుగా ఊపిరి తీస్తున్నాడు లేదా క్యాలిబ్రేషన్ తప్పింది.

ఫోర్స్ ప్లేట్ (పాదం నేలను నొక్కే బలాన్ని కొలిచే పలక) లేని కాలేజీలో ఎగురుడు ఎత్తును ఫోన్‌తో కొలవచ్చు. గాలిలో ఉన్న కాలాన్ని వర్గం చేసి, 9.81తో గుణించి, 8తో భాగించండి. అర సెకనుకు 30.7 సెం.మీ. ఫోన్‌లో స్లోమోషన్ 240 ఫ్రేములు ఉంటే ఒక ఫ్రేమ్ తప్పుకు అర సెం.మీ. తేడా వస్తుంది. మామూలు 30 ఫ్రేముల వీడియోలో అదే తప్పుకు 4 సెం.మీ. దాటుతుంది. దిగేటప్పుడు మోకాళ్లు ముడిచినవాళ్ల ఎత్తు దొంగగా పెరుగుతుంది, ఆ ప్రయత్నాన్ని కొట్టేయండి. కోణాలు చూడటానికి కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కెమెరా కదలికకు సరిగ్గా 90 డిగ్రీల్లో లేకపోతే అందులో వచ్చే కోణాలకు విలువ లేదు.

మీ తప్పును మీరే కొలవండి

ప్రతి కొలతలోనూ ఈ పని చేసినవాళ్లే మంచి పరిశోధకులవుతారు. పదిమందిని రెండు రోజులు ఒకే సమయంలో కొలవండి. ఒక్కొక్కరి రెండు అంకెల తేడా రాసి, ఆ తేడాల ప్రామాణిక విచలనాన్ని (స్టాండర్డ్ డీవియేషన్) 1.41తో భాగించండి. అది మీ చేతి పొరపాటు పరిమాణం. ఎగురుడులో అది 2 సెం.మీ. వచ్చిందనుకోండి. ఆరు వారాల శిక్షణ తర్వాత ఒకరికి 1.5 సెం.మీ. పెరిగితే అది మెరుగుదల అని చెప్పే హక్కు మీకు లేదు. రికార్డులో గది ఉష్ణోగ్రత, సమయం, ఎవరు కొలిచారు, ఏ పరికరం అన్నవి ప్రతి పుటలోనూ ఉండాలి. సీనియర్ రికార్డు చూసి అంకెలు ఎక్కించడం ఈ సబ్జెక్టును లోపలి నుంచి తినేసే చెద.

ఎండ మన దగ్గర ఉచితంగా దొరికే ప్రయోగశాల. చెమట నష్టం లెక్క ఎండాకాలంలోనూ చలికాలంలోనూ చేసి పోల్చండి. మూత్రానికి వెళ్లొచ్చాక తక్కువ దుస్తులతో బరువు చూడాలి, గంట సాధన తర్వాత ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడాలి. 62.0 నుంచి 61.2 కిలోలకు తగ్గి, మధ్యలో అర లీటరు తాగితే చెమట 1.3 లీటర్లు. తడిసిన బనీనుతో తూగితే లెక్క తప్పుతుంది. ఎండ వేళ కాకుండా ఉదయం 6 గంటలకు, పక్కన మనిషిని పెట్టుకుని చేయండి.

మూడో ఏడాదికి

ప్రథమ చికిత్స, సీపీఆర్ శిక్షణ మొదటి ఏడాదిలోనే తీసుకోండి. అది లేకుండా ఏ ల్యాబ్‌లోనూ పరీక్ష నడపకూడదు, అంతర్జాతీయ సర్టిఫికెట్లకు కూడా అది కావాలి. అమెరికా క్రీడా వైద్య సంస్థ ఏసీఎస్ఎమ్ ఇచ్చే పర్సనల్ ట్రైనర్ పరీక్షకు డిగ్రీ అక్కర్లేదు, బలం, కండిషనింగ్ నిపుణుల సంస్థ ఎన్ఎస్‌సీఏ ఇచ్చే సీఎస్‌సీఎస్ సర్టిఫికెట్‌కు డిగ్రీ కావాలి. చివరి ఏడాదికి ముందు వీటి మీద డబ్బు పెట్టడం తొందరపాటు. ఇంటర్న్‌షిప్‌కు పెద్ద జిమ్ కంటే చిన్న అకాడమీ మేలు. అక్కడ 30 మంది పిల్లలను మూడు నెలలకోసారి మీ చేతులతో కొలిచే అవకాశం ఉంటుంది. నొప్పి అని వచ్చినవాళ్లను ఫిజియోథెరపిస్ట్ దగ్గరకు పంపండి. ప్రొటీన్ డబ్బా అమ్మి కమీషన్ తీసుకునే పనికి ఒప్పుకోకండి. జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు మామూలు పెద్దవాళ్లకు కిలోకు రోజుకు 0.83 గ్రాములు. ఆటగాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి, దాన్ని పప్పు, గుడ్డు, పాలు, చికెన్‌తో ఎంతవరకు నింపొచ్చో ముందు లెక్కకట్టి చూపించండి.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలో మాస్టర్స్ ఆలోచన ఉంటే మొదటి సెమిస్టర్ నుంచే సిలబస్ ప్రతులు దాచుకోండి. ఒక్కో సబ్జెక్టుకు థియరీ గంటలు, ల్యాబ్ గంటలు విడివిడిగా ఉన్న ప్రతి మీద విశ్వవిద్యాలయం ముద్ర వేయించుకోవాలి. అక్కడివాళ్లు సబ్జెక్టుల వారీగా చూసి అనాటమీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ ల్యాబ్‌తో సహా చదివారా అని అడుగుతారు. కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు మూడేళ్ల డిగ్రీని నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా లెక్కించవు. దరఖాస్తు ఫీజు కట్టే ముందే ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.